ఎలుగుబంటి చుట్టరికం

కుక్కకూ ఎలుగుబంటికీ చుట్టరికం ఉన్నదంటే మొదట నవ్వు రావచ్చును. కాని జంతుశాస్త్రం చెప్పేది అదే. మాంసాహార జంతువుల క్రమంలో రెండు పెద్ద శాఖలున్నాయి. పిల్లి, పులి, ముంగిస, దుమ్ములగొండి ఒక శాఖకు చెందినవి. కుక్క, తోడేలు, ఎలుగుబంటి, నీటికుక్క, సీలు మరొక శాఖకు చెందినవి. ఈ రెండవ శాఖలో కుక్కల వంశం ముందుగానే వేరుపడినది. కావున ఎలుగుబంటికి కుక్క కంటె సముద్రంలో ఈదే సీలే దగ్గర చుట్టం.

ఈ వంశనిర్ణయం శాస్త్రజ్ఞులకు సైతం సులువు కాలేదు. మన అడవులలోని ఎలుగుబంటిని 1791లో జార్జి షా అనే ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడే స్లాత్ అనే జంతువుల కోవలో చేర్చాడు. పొరపాటును తరువాతివారు దిద్దినా, ఆంగ్లంలో దాని పేరు నేటికీ ‘స్లాత్ బేర్’గానే నిలిచిపోయినది. చైనాలోని పెద్ద పాండా ఎలుగుబంటి కుటుంబానిదేనని రూఢి కావటానికి 1980లలో జరిగిన జన్యుపరిశోధనలు కావలసివచ్చాయి.

ప్రపంచంలో మిగిలిన 8 ఎలుగు జాతులలో 4 మన దేశంలో ఉన్నాయి. మన తెలుగు అడవులలోని ఎలుగు గొప్ప వేటగాడేమీ కాదు. పుట్టను త్రవ్వి, పై దవడలో ముందుపళ్లు రెండు లేని సందు గుండా చెదలను పీల్చుకుంటుంది. తేనె, పండ్లు, ఇప్పపూలు తింటుంది. పిల్లలను వీపున ఎక్కించుకొని తిరుగుతుంది.

1980లలో, నా చిన్నతనంలో, మా వీధికి ఎలుగుబంటిని ఆడించేవారు వచ్చేవారు. దడుపు పోవాలని దాని వెంట్రుకలు కొని పిల్లలకు తాయెత్తులు కట్టేవారు. నాకూ కట్టారు. దాని మూతికి తూటు పొడిచి తాడు ఎక్కించారన్న సంగతి ఆ వయసులో నా దృష్టికి రాలేదు. మా అరుగు మీది కుక్క మాత్రం దానిని చూసి మొరుగుతూ ఉండేది. ఒకే శాఖకు చెందిన జంతువులలో ఒకటి అరుగు మీదికి, మరొకటి తాడు కొసకు ఎట్లా చేరాయి?

పోలిక కరుణకు మూలమని మనం సాధారణంగా భావిస్తాము. ఎలుగుబంటి విషయంలో జరిగినది ఇందుకు విరుద్ధం. అది మనిషి వలె అరికాలు పూర్తిగా నేలకు ఆనించి నడుస్తుంది, వెనుకకాళ్లపై నిలబడగలదు. ఆ పోలికే దాని మెడకు చుట్టుకున్నది. మనిషి వలె నిలబడగలదు గనుకనే దానిని ఆడించారు. బంధుత్వమూ అక్కరకు రాలేదు. పురాణాల ప్రకారం జాంబవంతుడు శ్రీకృష్ణుడికి పిల్లనిచ్చిన మామ! ఆ కథను భక్తితో విన్నవారే వీధిలోని భల్లూకానికి చిల్లర విసిరారు.

మహాప్రస్థానంలో ధర్మరాజు పడిపోయిన ద్రౌపదినీ తమ్ములనూ విడిచి ముందుకు సాగాడు. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రాననెను. అతడు చూచినది రక్తసంబంధం కాదు, ఆశ్రయించినదా లేదా అని. కుక్క మనిషిని ఆశ్రయించి 14,000 సంవత్సరాలకు పైగా అయినది. ఎలుగుబంటి మనలను ఎన్నడూ ఆశ్రయించలేదు. తల్లిని చంపి, పిల్లగా ఉన్నప్పుడే దానిని అడవి నుంచి తెచ్చారు. ధర్మరాజు సూత్రం ఇక్కడ చాలదు. తనంతట తాను మన వద్దకు రాని ప్రాణికి మనం ఏమి ఋణపడి ఉన్నాము?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ ప్రశ్నకు ఒక జవాబు ఇచ్చినది. అయినను వీధులలో ఆట ఆగటానికి 2009 వరకు పట్టినది. నేపాల్‌లో 2017 వరకు. ఆలస్యానికి అలసత్వం ఒక్కటే కారణం కాదు. ఆడించే కలందర్ల కుటుంబాలకు అది తరతరాల జీవిక. ఎలుగును విడిపించి మనిషిని ఆకలికి వదలివేస్తే అది మరొక అన్యాయమే అయ్యేది. వారికి వేరే ఉపాధి, వారి పిల్లలకు చదువు చూపిన చోటనే పని ముందుకు సాగినది. ఈ వరుస మా వంటి ఉద్యోగులు గమనించదగినది.

తాడు తెగినా ప్రశ్న తీరలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగుబంట్లు కొబ్బరి, జీడితోటలలోకి వస్తున్నాయి; వాటి దాడులలో మనుషులు చనిపోయారు. తెల్లవారుజామున తోటకు వెళ్లవలసిన రైతుకు జాంబవంతుని కథ చెప్పి ప్రయోజనం లేదు. అతడు అడిగేది నష్టపరిహారం, తోటకు వెళ్లే దారిలో భద్రత. ఎలుగుకు కావలసినవి కొండ మీద నీరు, పుట్టలు, పండ్లచెట్లు. ఈ రెండు కోరికలనూ ఒకే దస్త్రంలో ఉంచి చూచినప్పుడు, మొదటి దానికి మాత్రమే గడువు తేదీ వ్రాసి ఉండటం నేను గమనించాను.