కనుగొన్నవాడే యజమానియా?

1872వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ పది వారముల వ్యవధిలో రెండు శాసనములపై సంతకము చేసెను. మార్చి 1వ తేదీ నాటి శాసనము యెల్లోస్టోన్ ప్రాంతమును ఎవరికిని ధారాదత్తము కాకుండ, ప్రజలెల్లరి విహారమునకు ప్రత్యేకించినది. మే 10వ తేదీ నాటి గనుల శాసనము ప్రభుత్వ భూములలో విలువగల ఖనిజమును కనుగొన్న పౌరుడు హద్దు గుర్తులు పాతి, అది తన హక్కని ప్రకటించుకొనుటకు అనుమతించినది. మొదటిది భూమిని అందరిదిగా చూచినది. రెండవది ముందు వచ్చినవానిదిగా చూచినది. ఈ రెండు చూపులకు నడుమ గల కలహము నూటయేబది సంవత్సరములు గడచినను తీరలేదు.

రెండవ శాసనమును కేవల దురాశకు పుట్టినదనుట న్యాయము కాదు. కొండలలో ఎండకును చలికిని ఓర్చి వెదకినవాని శ్రమకు ప్రతిఫలముండవలెనని శాసనకర్తలు తలచిరి. రాతిపొరలలోని లోహసిరకు ఎకరమునకు 5 డాలర్లు చెల్లించినచో పూర్తి పట్టాయే దక్కుచుండెను. త్రవ్వి తీసిన లోహముపై ప్రభుత్వమునకు భాగమేమియు లేదు. క్రొత్త పట్టాల జారీని 1994 నుండి కాంగ్రెసు నిలిపివేసినను, హక్కు ప్రకటించుకొని త్రవ్వు వీలు నేటికిని కలదు.

ఈ వీలు ఎట్లు వక్రించునో అరిజోనా రాష్ట్రమందలి గ్రాండ్ కాన్యన్ చరిత్ర చూపుచున్నది. కొలరాడో నది మైలు లోతున కోసిన ఆ లోయలోనికి దిగు బ్రైట్ ఏంజెల్ దారి వెంబడి రాల్ఫ్ కామెరాన్ అనునతడు గని హక్కులు ప్రకటించుకొనెను. ఆ దారిన దిగు యాత్రికుల నుండి సుంకము రాబట్టెను. హద్దు గుర్తులు ఎక్కడ పాతెనో గమనించినచో అతని అన్వేషణ ఎట్టిదో తెలియును: దారి మొదలయందు ఒకటి, లోయలో నీటి ఊట గల చోట మరియొకటి! 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఆ ప్రాంతమును జాతీయ స్మారకముగా ప్రకటించెను. కామెరాన్ లొంగలేదు. 1920లో సుప్రీము కోర్టు, విలువగల ఖనిజము కనుగొననిదే హక్కు పుట్టదనియు, దానిని పరీక్షించు అధికారము ప్రభుత్వ భూశాఖకు కలదనియు తీర్పు చెప్పెను. ఆ యేటనే అరిజోనా ప్రజలు అతనిని సెనేటుకు ఎన్నుకొనిరి. లోకరీతి అట్లుండును. దారి 1928లో గాని జాతీయ ఉద్యానవన శాఖకు దక్కలేదు.

కనుగొనుటయే హక్కునకు మూలమైనచో, ఆ దారిని కామెరాన్ కంటె ఎంతో ముందు హవసుపాయి జాతివారు ఎరుగుదురు. ఆ ఊట చెంత వారు పైరులు పెంచుకొనిరి. అయినను వారి ఎరుక శాసనము దృష్టిలో కనుగొనుట కాలేదు. విలువ యనగా అమ్ముడుపోవు విలువయే యని ముందుగానే నిశ్చయించుకొన్న శాసనమది.

విహారస్థలములను ప్రేమించువారును ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నది. వారిని అచ్చటికి చేర్చు వాహనము లోహముతో చేసినదే. వారి యింటి దీపమునకు వలయు రాగి ఎవరి కొండనో త్రవ్వగా వచ్చినదే. తన కంటికి ఇంపైన కొండను కాపాడి, పొరుగువాని కొండను త్రవ్వుమనుట ధర్మము కాదు. కావున త్రవ్వవచ్చునా, కూడదా యనుటకు ముందు, ఎవరు నిర్ణయింపవలెనను ప్రశ్న నిలుచుచున్నది. గనుల శాసనమున కోరువాడే మొదటి నిర్ణేత. అతడు గుర్తు పాతిన పిమ్మట, అది చెల్లదని నిరూపించు భారము తరచుగా ప్రజలపై పడుచున్నది. డెత్ వ్యాలీ సంగతియే చూడుడు. 1933 ఫిబ్రవరిలో దానిని రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. ఆ జూనులోనే కాంగ్రెసు గని హక్కులకు తెరచినది. క్రొత్త హక్కులకు మరల తలుపు మూయుటకు 1976 వరకు పట్టినది.

గ్రాండ్ కాన్యన్ చుట్టునున్న సుమారు 10 లక్షల ఎకరములలో క్రొత్త గని హక్కులను 2012లో ఇరువది సంవత్సరముల పాటు నిషేధించిరి. అచ్చటి యురేనియం త్రవ్వకమువలన తమ ఊటలు చెడునని భయపడినవారిలో హవసుపాయిలు ముఖ్యులు. 2023 ఆగస్టులో ఆ భూములలో అధికభాగము జాతీయ స్మారకమైనది. అయినను, పూర్వమే చెల్లుబాటైన హక్కులను ఆ ప్రకటన తాకలేదు. లోయకు దక్షిణముగా అడవిలోనున్న ఒక యురేనియం గని అట్టి హక్కుతోనే పని సాగించినది. హవసుపాయిలు నేటికిని లోయ అడుగున, ఊటనీటిపై ఆధారపడి జీవించుచున్నారు.