మీ వంతు చేసి నిద్రపోండి

చదువుకోవలసిన భాగం: 1 కొరింథీయులకు 3:5–9

రాత్రి వంటిల్లు సర్దాక మిగిలే చివరి పని పాలకు తోడు వెయ్యడం. గోరువెచ్చని పాలలో కాస్త పెరుగు కలిపి, మూత పెట్టి, దీపం ఆర్పి పడుకుంటాం. మాటిమాటికీ మూత తీసి గిన్నె కదిపితే పెరుగు సరిగ్గా తోడుకోదు. మన వంతు అయిపోయాక దాన్ని ముట్టుకోకుండా ఉండాలి, అంతే.

పాలగిన్నెను వదిలేసి హాయిగా నిద్రపోతాం. మరి పిల్లల చదువు, తీరని అప్పు, రేపు రాబోయే ఆస్పత్రి రిపోర్టు, ఏళ్లుగా ప్రార్థిస్తున్నా మారని మనిషి? ప్రియ నేస్తమా, ఈ రాత్రి మీరు దేని మూత తీసి చూస్తున్నారు?

మీతో ఇథియోపియాలోని ఒక సంఘం గురించి చెప్పాలని ఉంది. దాని పేరు ఇథియోపియన్ ఇవాంజెలికల్ చర్చ్ మెకానె యేసుస్. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలాగే అదీ లూథరన్ కుటుంబంలోదే.

ఆ సంఘానికి పునాది వేసినవారిలో ఒకడు ఒనేసిమోస్ నెసిబ్. ఓరోమో జాతివాడు. చిన్నతనంలోనే ఎత్తుకుపోయి బానిసగా అమ్మేశారు. ఎన్నో చేతులు మారాక, 1870లో ఎర్రసముద్రం ఒడ్డున మస్సావాలో అతనికి విడుదల దొరికింది. స్వీడన్ మిషనరీల బడిలో చదివి, 1872లో బాప్తిస్మం పొందాడు. తన జనం దగ్గరికి వెళ్లి సువార్త చెప్పాలన్నదే అతని ఆశ. కానీ బయలుదేరిన ప్రతిసారీ దారి మూసుకుపోయింది.

దారి తెరుచుకోనప్పుడు అతను ఏం చేశాడు? చేతిలో ఉన్న పని చేశాడు. తీరంలోనే కూర్చుని బైబిలును ఓరోమో భాషలోకి తెచ్చాడు. అతనిలాగే బానిసత్వం నుంచి బయటపడిన ఆస్తేర్ గన్నో అనే యువతి, తన జ్ఞాపకంలో ఉన్న మాటలు, పాటలు, కథలు పోగుచేసి ఆ పనికి తోడు నిలిచింది. 1899లో పూర్తి బైబిలు అచ్చయింది. 1904లో ఎట్టకేలకు ఒనేసిమోస్ వొల్లెగా ప్రాంతానికి చేరాడు. అక్కడా ఆటంకాలు తప్పలేదు. ప్రకటించడానికి వీల్లేదంటే బడిలో పాఠాలు చెప్పాడు. 1931లో నెకెమ్తెలో కన్నుమూశాడు. దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడే రోజును అతను చూడలేదు.

ఐదేళ్లు తిరక్కుండానే ఇటలీ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. మిషనరీలలో చాలామంది వెళ్లిపోవలసి వచ్చింది. నడిపించేవాళ్లు లేకపోతే చిన్న చిన్న సంఘాలు ఏమవుతాయి? అవి చెదిరిపోలేదు. స్థానిక విశ్వాసులే వాక్యం చదివారు, బోధించారు, ఒకరినొకరు కాచుకున్నారు. మిషనరీలు తిరిగి వచ్చేసరికి తాము విడిచి వెళ్లినదానికంటే పెద్ద మందను చూశారు. చూసుకునే మనుషులు దూరమైనా, చూసుకునే దేవుడు దూరం కాలేదు.

1959లో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి ఒకే జాతీయ సంఘమయ్యాయి. అప్పటికి సభ్యులు సుమారు 20,000 మంది. ఊరి సంఘానికి పెద్దలున్నారు. కొన్ని సంఘాలు కలిస్తే ఒక పారిష్. పారిష్‌లు కలిస్తే సినడ్. సినడ్ల ప్రతినిధులు మహాసభలో కూడి తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఇది వట్టి పరిపాలన అనుకోకండి. ఏ ఒక్కరి భుజం మీదా మొత్తం భారం పడకూడదన్న శ్రద్ధ ఇందులో ఉంది. మీరు మాత్రం ఇంటి భారమంతా ఒక్కరే ఎందుకు మోస్తున్నారు?

ఆ సంఘానికి మరో నమ్మకం ఉంది. ఆత్మకు సువార్త, ఆకలికి అన్నం వేరుచేయరాదని 1972లో విదేశాల్లోని తోటి సంఘాలకు లేఖ రాసింది. కాబట్టి స్కూలు ఫీజు గురించిన మీ దిగులు దేవునికి చెప్పలేనంత చిన్నది కాదు. నెల ఖర్చుల సంగతీ ఆయనతో మాట్లాడండి.

నమ్మినవారికి కష్టం రాదని నేను చెప్పను. ఒనేసిమోస్ బోధించిన నెకెమ్తెలోనే తర్వాత పాస్టరుగా పనిచేసిన గుదినా తుమ్సా, ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. సైనిక ప్రభుత్వం విశ్వాసులను వేధిస్తున్న రోజుల్లో, దేశం దాటి ప్రాణం కాపాడుకునే అవకాశం వచ్చినా మందను విడిచి వెళ్లలేదు. 1979 జూలై 28న అడిస్ అబాబాలో ఆరాధన ముగించుకుని వస్తుండగా పట్టుకుపోయి చంపేశారు. ఆయన భార్య త్సెహాయ్ తొలెసా దాదాపు పదేళ్లు జైల్లో మగ్గింది. ఆ కన్నీళ్లకు తేలికైన జవాబు నా దగ్గర లేదు. కానీ ఆమె బతికి బయటికొచ్చింది, విశ్వాసం విడవలేదు. ఆయన ప్రాణం పెట్టిన సంఘంలో ఇవాళ కోటిమందికి పైగా ఉన్నారు.

నాటినవాడు ఒకడు, నీళ్లు పోసినవాడు మరొకడు. పెంచింది మాత్రం దేవుడు. మీ ఇంటి విషయంలోనూ ఆయన అలాగే పనిచేస్తున్నాడు. ఫలం మీకు ఇంకా కనబడలేదు, నిజమే. కనబడనంత మాత్రాన ఆయన ఊరుకున్నాడని అర్థమా? మీ చెయ్యి అందని చోట కూడా ఆయన చెయ్యి ఉంది. మీరు అలసిపోయారని ఆయనకు తెలుసు.

ఈ రోజు ఒక చిన్న తీర్మానం చేసుకుందామా? మిమ్మల్ని కలవరపెట్టే విషయంలో ఇవాళ మీరు చేయగలిగిన పని ఒక్కటి ఎంచుకోండి. ఒక ఫోన్ చెయ్యడం కావచ్చు, క్షమాపణ అడగడం కావచ్చు, బిడ్డ పక్కన కాసేపు కూర్చోవడం కావచ్చు. దాన్ని మనసారా చెయ్యండి. మోయలేని భారం ఏదైనా ఉంటే మీ సంఘంలో నమ్మకమైన ఒకరితో చెప్పి, కలిసి ప్రార్థించండి. మిగతాది దేవునికి అప్పగించి పడుకోండి.

ప్రార్థన: తండ్రీ, నా వంతు నమ్మకంగా చేసే బలమివ్వు. నీ వంతు నీకు వదిలే ధైర్యమివ్వు. నా భారం పంచుకునేవారిని దూరం పెట్టకుండా నన్ను కాపాడు. యేసు నామంలో, ఆమేన్.