పాపంలో వాటా

'ది సొప్రానోస్' మొదటి సీజన్లో ఐదో ఎపిసోడ్ పేరు 'కాలేజ్'. 1999 ఫిబ్రవరిలో హెచ్‌బీఓలో వచ్చింది. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సొప్రానో కూతుర్ని కారెక్కించుకుని, కాలేజీలు చూపించడానికి మెయిన్ రాష్ట్రానికి తీసుకెళ్తాడు. దారిలో ఆ అమ్మాయి మెడో సూటిగా అడిగేస్తుంది, నువ్వు మాఫియాలో ఉన్నావా నాన్నా అని. ముందు కోప్పడతాడు, తర్వాత కొంచెం ఒప్పుకుంటాడు. తండ్రీకూతుళ్ల మధ్య అప్పటిదాకా లేని చనువు ఏర్పడుతుంది. అదే ప్రయాణంలో, ఒకప్పుడు ముఠా గుట్టు ఎఫ్‌బీఐకి చెప్పేసి పేరు మార్చుకుని బతుకుతున్న మనిషొకడు టోనీ కంటపడతాడు. కూతుర్ని కాలేజీ ఇంటర్వ్యూకి దింపి, వెళ్లి, వాడి గొంతుకు తీగ బిగించి చంపి, మళ్లీ ఆమెను ఎక్కించుకోవడానికి వస్తాడు.

ఈ ఎపిసోడ్‌తో ప్రేక్షకులు టోనీని అసహ్యించుకుంటారని ఛానెల్ పెద్దలు భయపడ్డారు. చంపకుండా వదిలేస్తే అతను మాఫియా నాయకుడంటే ఎవరూ నమ్మరని సృష్టికర్త డేవిడ్ చేజ్ పట్టుబట్టాడు. జనం అసహ్యించుకోలేదు. 2007 జూన్ దాకా, మొత్తం 86 ఎపిసోడ్లు చూశారు.

ఎందుకు చూశారని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది. వాడు హంతకుడే గానీ ఇంట్లో మనలాంటి తండ్రి, మనలాంటి కొడుకు, పెళ్లాంతో మనలాగే గొడవపడే మొగుడు అని. అంటే కుటుంబం అనేది నేరం మీద చల్లే పన్నీరు లాంటిదన్నమాట. ఈ జవాబు నాకు సగమే అనిపిస్తుంది. ఆ సిరీస్‌లో కుటుంబం నేరాన్ని మెత్తబరచదు, నేరం ఎవరి పేరున జరుగుతోందో చెబుతుంది. టోనీ నోట ఎప్పుడూ ఉండే మాట మనందరికీ తెలిసిందే: ఇదంతా మీ కోసమే. ఈ 'మీ కోసమే' అన్న మాటకు నైతికంగా ఎంత విలువ ఉంది? దాన్ని తింటున్నవాళ్లకు అందులో వాటా ఉందా, లేదా?

ఈ ప్రశ్న న్యూజెర్సీలో పుట్టింది కాదు. మనకు చిన్నప్పుడే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. అడవిలో దారికాచి దోచుకునే మనిషి ఒకడు సప్తర్షుల్ని ఆపుతాడు. నీ పాపంలో నీ పెళ్లాంబిడ్డలు వాటా తీసుకుంటారేమో అడిగి రా, మేం ఇక్కడే ఉంటాం అంటారు వాళ్లు. ఇంటికెళ్లి అడుగుతాడు. పాపం నీదే, నువ్వు తెచ్చింది తినడం వరకే మాది అంటారు ఇంట్లోవాళ్లు. వాడు వెనక్కొచ్చి ఋషుల కాళ్ల మీద పడతాడు. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేదు. అధ్యాత్మ రామాయణంలో వాల్మీకే తన పాత బతుకుగా రాముడికి చెప్పుకుంటాడు. జనం చెప్పుకునేదాంట్లో ఋషుల బదులు నారదుడు వస్తాడు. తమ ఆదికవిని దొంగగా చూపించే ఈ కథను ఒప్పుకోని వాల్మీకి బోయలు రాయలసీమలో చాలామంది. వాళ్ల అభ్యంతరంతోనే 2019లో 'వాల్మీకి' అని పేరు పెట్టిన గ్యాంగ్‌స్టర్ సినిమా విడుదలకు ముందురోజు 'గద్దలకొండ గణేష్' అయింది. కాబట్టి దీన్ని ఎవరి చరిత్రగానూ కాక, ఒక ప్రశ్న చుట్టూ అల్లిన కథగానే తీసుకుంటున్నా.

ఈ కథ చెప్పేటప్పుడు మనం దొంగ మీదే దృష్టి పెడతాం. వాడు మారాడు, పుట్ట కట్టింది, కవి అయ్యాడు. ఇంట్లోవాళ్లను మాత్రం ఒక్క మాట అనిపించి తలుపేసేస్తాం. నాకు వాళ్ల గురించే ఆలోచన. వాళ్లు చెప్పింది తప్పు కాదు. మేం చంపమన్నామా? మమ్మల్ని అడిగి వెళ్లావా? పాపం బదిలీ చేసే ఆస్తి కాదు గదా. ఆ జవాబు దొంగకు మేలే చేసింది. ఇన్నాళ్లూ 'వీళ్ల కోసం' అనుకున్నది, వీళ్లను అడక్కుండా తను వీళ్ల పేరున రాసిన అప్పు అని అర్థమైంది. సరే. మరి మర్నాడు ఆ ఇంట్లో ఏం తిన్నారు? పాపం నీదే అన్న నోటితోనే అంతకుముందు రోజు తెచ్చిన బియ్యం వండుకున్నారా? కథ చెప్పదు.

నా దృష్టిలో 'సొప్రానోస్' ఆ మర్నాటి గురించి. ఋషులు కలవని దొంగ ఇంట్లో, ఆ ప్రశ్న గడప దాకా వచ్చి వెనక్కి పోతుంటే, మనుషులు ఏళ్ల తరబడి ఎలా అన్నం తింటారన్నదే దాని కథ.

'కాలేజ్' ఎపిసోడ్‌లోనే, టోనీ అక్కడ మనిషిని వెతుకుతుంటే, ఇక్కడ ఇంట్లో భార్య కార్మెలా చర్చి ఫాదర్ ముందు ఏడుస్తూ పాపం ఒప్పుకుంటుంది. భర్త ఏంచేస్తాడో తెలిసీ, సుఖంగా ఉందని కళ్లు మూసుకున్నానంటుంది. ఆ ఒప్పుకోలుతో మనసు తేలికపడుతుంది. ఇల్లు అదే, కారు అదే, నగలు అవే. మూడో సీజన్‌లో (2001) ఆమె ఒక ముసలి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తుంది, డాక్టర్ క్రాకవర్. ఆ సిరీస్ మొత్తంలో నాకు ఋషిలా కనబడేది ఆయనొక్కడే. పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోంచి బయటికి నడువు అంటాడు. ఆమె ఇవ్వబోయిన ఫీజు కూడా ముట్టుకోడు, అది రక్తం అంటిన సొమ్ము కాబట్టి. ఇకమీదట నాకెవరూ చెప్పలేదు అని అనే వీల్లేకుండా చేస్తాడు. కార్మెలా ఇంటికొచ్చి సోఫాలో పడుకుంటుంది. తర్వాత ఏంచేస్తుంది? కూతురు చదివే కొలంబియా యూనివర్సిటీకి 50 వేల డాలర్లు విరాళం ఇవ్వాల్సిందేనని భర్త దగ్గర పట్టుబడుతుంది.

తిరుపతివాళ్లకు ఈ చివరి అడుగు విడమర్చి చెప్పక్కర్లేదు. వ్యాపారంలో స్వామిని భాగస్వామిగా పెట్టుకుని, లాభంలో ఆయన వాటా హుండీలో వేసేవాళ్లను చూస్తూ పెరిగే ఊరు మాది. ఎక్కువమంది భక్తితో, కష్టార్జితంతోనే వేస్తారు. కానీ పెద్ద నోట్ల కట్ట హుండీలో పడిందని వార్త వచ్చినప్పుడు టీ అంగడి దగ్గర నవ్వుతూ అనే మాటొకటుంది: ఏ పాపం సొమ్మో లేప్పా అని. ఆ నవ్వులో మనకు తెలిసిన నిజం ఉంది. సొమ్ములో దేవుడికైనా వాటా ఇస్తాం, పాపంలో వాటా మాత్రం ఎవరినీ అడగం. అడిగితే వచ్చే జవాబు తెలుసు కాబట్టి.

ఇదే కొండ వెనకాల అడవిలో మన సొంత ముఠా కథ ఉంది. ఎర్రచందనం దక్షిణ తూర్పు కనుమల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. శేషాచలం దాని పుట్టిల్లు. చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కి, జపాన్‌లో షామిసెన్ వాద్యానికి ఈ కట్టె వాడతారు. ఈ అడవి మీద సుకుమార్ తీసిన 'పుష్ప' 2021 డిసెంబర్లో, రెండో భాగం 2024 డిసెంబర్లో వచ్చాయి. మొదటిదానికి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు, తెలుగు హీరోల్లో మొట్టమొదటగా. చిత్తూరు యాసను వెకిలి కామెడీకి కాకుండా హీరో నోట్లో పెట్టినందుకు ఇక్కడ మాకూ గర్వంగానే అనిపించింది.

'పుష్ప' కూడా, విప్పి చూస్తే, కుటుంబ కథే. ఇంటిపేరు దక్కని కొడుకు. బడిలో ఇంటిపేరు చెప్పబోతే లాక్కుంటారు, నిశ్చితార్థం రోజు అన్న వచ్చి తల్లిని అవమానించి పెళ్లి చెడగొడతాడు. రెండో భాగంలో భార్య శ్రీవల్లి ముఖ్యమంత్రితో ఫోటో కావాలని ముచ్చటపడుతుంది, ఆయన స్మగ్లర్ పక్కన నిలబడననడంతో కథ మొత్తం అక్కణ్ణుంచి ఉరుకుతుంది. చివరికి అన్న కూతుర్ని కాపాడితే పుష్పకు ఇంటిపేరు దక్కుతుంది. గమనించండి, శ్రీవల్లి అడిగింది ఫోటో. దుంగల గురించి కాదు. ఈ ఇంట్లో కార్మెలా లాంటి ఏడుపు లేదు, క్రాకవర్ లాంటి ముసలాయన గడప తొక్కడు. 'మీ కోసమే' అన్న మాటను ఎవరూ ఎదురు ప్రశ్నించరు. పైగా అది కథకు న్యాయం అయిపోతుంది, ఇంటిపేరు దానికి బహుమతి.

మాఫియా కథల్ని చూడకూడదని నా వాదన కాదు. నేను రెండూ ఇష్టంగా చూశాను. నా ఇబ్బంది ఇంకోచోట ఉంది. పుష్ప రాజ్ మొదట కూలీ. కూలీగా అతను అడవికెక్కడానికి కారణం మనం ఒప్పుకోదగిందే: పేదరికం, తల్లి, అవమానం. తర్వాత సిండికేట్ నాయకుడవుతాడు. అప్పుడూ అదే కారణం చూపిస్తాడు. కూలీకి ఉన్న కారణాన్ని యజమాని ఖాతాలో జమ వేయడం, ఇదీ అసలు మోసం. ఆకలికోసం చేసింది, ఆధిపత్యం కోసం చేసింది ఒకే 'మీ కోసమే'లో సర్దుకుపోతాయి. టోనీకి ఈత కొలనున్న ఇల్లుంది. ఆ ఇల్లు నిలబెట్టడం కోసం చంపడాన్ని 'బతుకుదెరువు' అనడానికి మనకు నోరెలా వస్తోంది?

నిజంగా కూలీగా వచ్చినవాళ్ల సంగతి చూడండి. 2015 ఏప్రిల్ 7న, శ్రీవారి మెట్టు వైపు శేషాచలం అడవిలో 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఎక్కువమంది తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవాళ్లు. రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేస్తే ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులన్నారు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలన్నాయి. ఎవరి మాట ఏదైనా, చచ్చిపోయింది చెట్లు కొట్టే కూలీలు. వాళ్లకూ ఇళ్లున్నాయి, 'మీ కోసమే' అని వాళ్లూ అనే ఉంటారు. వాళ్ల పెళ్లాంబిడ్డల దగ్గరికి ఏ సీజనూ వెళ్లదు. తెర మీద కుటుంబం దక్కాలంటే ముందు డాన్ అవ్వాలన్నమాట. మనం క్షమించడానికి వెతుక్కునే 'ఇల్లు' డబ్బున్నవాడి ఇల్లే.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల వాటా సంగతి. పసిపిల్లల్ని నేరస్తులంటే అన్యాయం. బయటికి నడువు అని డాక్టర్ చెప్పడం తేలిక. చేతిలో ఉద్యోగం లేని, తన పేరున పైసా లేని ఆడమనిషికి నడవడం తేలిక కాదు. తిన్నంత మాత్రాన పాపం అంటదని నేనూ ఒప్పుకుంటా. కానీ ఒక గీత ఉందనుకుంటున్నా. తెలియక తినడం ఒకటి. తెలిసి, దారిలేక తినడం ఇంకొకటి. తెలుసుకోగలిగి, అడిగే వయసూ వెళ్లే దారీ ఉండి, అడిగితే అన్నం చేదవుతుందని అడక్కపోవడం మూడోది. ఈ మూడోదాన్లో వాటా మొదలవుతుంది. అది నాన్న చేసిన హత్యలో వాటా కాదు. ఆ హత్య పక్కన నిలబడ్డ మౌనంలో వాటా, అది పూర్తిగా మన సొంత సంపాదన.

ఈ లెక్కలో మనలో చాలామందిమి టోనీలం కాదు, కార్మెలాలం కూడా కాదు. మెడోలం. మా వైపు సంబంధాలు చూసేటప్పుడు 'జీతం ఎంత' తర్వాత 'గీతం ఏమన్నా ఉందా' అని నవ్వుతూ అడుగుతారు, పై సంపాదన ఉంటే అబ్బాయి విలువ పెరుగుతుంది. ఆ గీతంతో కట్టిన డొనేషన్ సీట్లలో, కొన్న ఫ్లాట్లలో చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, రాత్రిపూట ఓటీటీలో మాఫియా నైతికత మీద చర్చించుకునేది మనమే. మెడో కూడా తెలివైన పిల్ల. కారులో ఒక్కసారి సరైన ప్రశ్న అడిగింది, సగం జవాబు తీసుకుంది, మిగతా సగం ఇక అడగలేదు. సీజన్లు గడిచేకొద్దీ, మావాళ్లను ఇటాలియన్లని చిన్నచూపు చూస్తున్నారంటూ తండ్రి తరఫున వాదించే స్థాయికి వచ్చింది. చదువు ఆమెకు ప్రశ్న ఇవ్వలేదు, సమర్థించుకోడానికి మంచి భాష ఇచ్చింది.

పాత కథలో ఋషులు దొంగనే ఇంటికి పంపారు, వెళ్లి అడుగు అని. ఈ రోజుల్లో దొంగలెవరూ ఇంటికొచ్చి అడగరు. ఆ పని ఇంట్లోవాళ్లదే అయింది. అడిగితే ఏమవుతుంది? నాన్నకు కోపం వస్తుంది, అమ్మ పళ్లెం తీసేస్తుంది, నిన్ను పెంచింది ఈ డబ్బేగదరా అన్న మాట వస్తుంది. ఆ మాట నిజం కూడా. దాన్ని కాదనకుండానే, అవును ఈ డబ్బే, అందుకే అడుగుతున్నా అనగలగాలి. వచ్చే జవాబు విన్న తర్వాత ఎంత వదులుకోగలమో, ఎంత తిరిగి ఇవ్వగలమో ఆ ఇంటికే తెలియాలి. అది తేలేదాకా పాపం నీదే అనే హక్కు మాత్రం మనకు లేదు.