ఫలితమునకు ముందటి దినములు



క్యాన్సరు అను వ్యాధి నేడు ప్రతి గ్రామమునకును తెలిసినదే. శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు, మందులును ముగిసిన పిదప వైద్యులు “రోగచిహ్నము లేవియు కానరావు” అందురు. “రోగము సమూలముగా పోయినది” అని మాత్రము వెంటనే అనరు. ఈ రెండు మాటల నడుమనున్న స్థితికే ఉపశమనమని పేరు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారిని మొదటి 3 ఏండ్లు 3 నుండి 6 నెలల కొకసారియు, తరువాతి 2 ఏండ్లు 6 నుండి 12 నెలల కొకసారియు, అటుపై ఏటేటను పరీక్షకు రమ్మనుట సామాన్యపద్ధతి. కావున రోగము శమించినను నిరీక్షణము శమింపదు. పరీక్ష జరిగిన నాటినుండి ఫలితము చేతికందు వరకు ఆ యింట పొయ్యి వెలుగును గాని అన్నము రుచింపదు.

ఈ దినములలో భక్తు డెట్లు వర్తింపవలయును?

“ఏ జన్మమందలి పాపమో!” అని ఇరుగుపొరుగు వారనుట కద్దు. రోగిని చూచి పాపమును వెదకుట శరణధర్మము కాదు. “అంతయు శివప్రసాదమే, ఇక పరీక్ష లెందుకు?” అనువారును కలరు. అదియు పొరపాటే. షట్‌స్థలములలో మూడవదియగు ప్రసాదిస్థలము సోమరితనమును బోధింపదు. పదార్థమును లింగమున కర్పించిన పిదపనే అది ప్రసాదమగును. అర్పణము లేనిదే ప్రసాదము లేదు. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. ఆలయపు గోడ బీటవారినదేమో యని పరికించుట భక్తిలోని భాగమే గదా! వేళ తప్పక పరీక్షకు పోవుట అట్టి అర్పణము. అర్పించిన పిదప ఫలితమును ముందుగనే ఊహించి వేయిమారులు దుఃఖించుట, ఇచ్చినదానిని మరల లాగికొనుట వంటిది.

కొందరు అమావాస్య యనియు, రాహుకాల మనియు ఫలితపత్రమును తెచ్చుకొనుటకే వెనుదీయుదురు. మంచిదినము, చెడుదినము అను భేదమును శరణులు అంగీకరింపలేదు. పత్రము నిలిచినంత మాత్రమున రోగము నిలువదు. చికిత్సకు మాత్రము ఆలస్యమగును.

వేరొక చిక్కు కలదు. కొన్ని స్కానింగు యంత్రముల వద్ద ఒంటిపై లోహ ముండరాదు. వెండి లింగకాయను తీయుమన్నప్పుడు పెద్దలు కలత చెందుదురు. లింగమును వస్త్రమున చుట్టి ధరింపవచ్చునేమో పరీక్షాలయమువారిని ముందే అడుగుట మేలు. తప్పనిసరిగా తీయవలసివచ్చినచో, తమ గురువు నడిగి యట్లు చేయవలయును. స్థూలదేహమునకు ఇష్టలింగము, సూక్ష్మమునకు ప్రాణలింగము, కారణమునకు భావలింగము అని శాస్త్రము. ప్రాణలింగమును తీసి పక్కన పెట్టించు యంత్రము లేదు.

ఇక కాయకము. ఒక గృహిణి ఫలితమునకై వేచియున్న వారమంతయు మఠమునకు వచ్చి దాసోహమునకు బియ్య మేరుచుండెను. “భయము లేదా తల్లీ?” అని జంగమ మడిగెను. “ఉన్నది స్వామీ. రాత్రులు నిద్ర పట్టదు. అయినను మధ్యాహ్నమునకు నూరు విస్తళ్లు పడవలయును గదా!” అని యామె బదులు చెప్పెను. ఆమె భయమును దాచలేదు. భయమునకు దినమంతయు ధారపోయనును లేదు. భయము భక్తిలోపము కాదు. భయపడు వానిని ఒంటరిగా విడుచుటయే తోడివారి లోపము. కావున పరీక్షకు తోడుపోవుట, ఇంటిపని అందుకొనుట, చెప్పిన భయమును వినుట కూడ దాసోహమే.

ఫలితము అనుకూలమైనచో కాయకము సాగును. ప్రతికూలమైనచో? మరల చికిత్స, మరల అర్పణము. కొందరికి స్వస్థత చేకూరును, కొందరికి చేకూరదు. ఈ సత్యమును మరుగుపరచి ధైర్యము చెప్పరాదు. కాని ఏ ఫలితమును, అది వచ్చుటకు ముందు గడచిన దినములను వెనుకకు తీసికొనజాలదు. ఆ దినములు చేతికందిన ప్రసాదము. ప్రసాదమును నేల జారవిడువరాదని మన యిండ్ల బిడ్డలకు సైతము తెలియును.