దీపం వెలుగుతోంది కదా!

కారు కదలకపోతే మొదటి ముద్దాయి బ్యాటరీ. "పోయింది, కొత్తది వేయించండి" అని దారిన పోయే దానయ్య కూడా తీర్పు చెప్పేస్తాడు. ఇంట్లో ఏ పని చెడినా ముందు ఎవరి పేరు వినిపిస్తుందో మనకు తెలుసు కనుక, ఆ బ్యాటరీ మీద నాకు కాస్త జాలి.

నిజానికి చాలాసార్లు తప్పు దానిది కాదు. తాళం తిప్పితే టక్ టక్ మంటుంది, ఇంజను లేవదు. లోపలి చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. బానెట్ ఎత్తి చూడండి. తీగలు బిగించే చోట తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. మన ఇత్తడి చెంబుకు పట్టే చిలుముకు దగ్గర చుట్టం. లోపలి గంధకామ్లం సన్నటి ఆవిరిగా బయటికొచ్చి సీసాన్నీ, రాగినీ కొరికితే పుట్టింది. ఆ నీలం రైతులెరిగిన మైలుతుత్తమే.

మరి దీపం ఎలా వెలిగింది? అక్కడే ఉంది కిటుకు. చిన్న దీపానికి ఒక ఆంపియరు కూడా అక్కర్లేదు. అంతమాత్రం ఆ చిలుము సందుల్లోంచి దూరిపోతుంది. ఇంజన్ను లేపే మోటారుకు 100 ఆంపియర్లు దాటి కావాలి. అంత ప్రవాహం ఆ పొర దగ్గర ఆగిపోతుంది. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ ఈ విద్యుత్ స్టార్టరు అమర్చేదాకా, ముందు నిలబడి హేండిలు తిప్పాల్సిందే. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. ఆడవాళ్లకు కారు నడపడం సులువు చేసిన మార్పుల్లో ఇదొకటి.

ఇక అసలు సంగతి. చిన్న దీపం వెలుగుతోంది కనుక అంతా బాగుందనుకోవడం న్యాయమేనా?

ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూర్‌లో ఒక తల్లి ఉందనుకోండి. పిల్లలు హైదరాబాదులో ఉంటారు. రోజూ ఫోను. "ఎట్లున్నవమ్మా?" "మంచిగనే ఉన్న బిడ్డా." దీపం వెలిగింది. ఒకనాడు ఆపద వస్తుంది. ఆవిడ నోరు తెరిచి అడగలేదు, వీళ్లకు అందదు. "ముందే చెప్పొద్దా?" అని వీళ్లు, "అడిగిందెవరు?" అని ఆవిడ. ప్రేమ చచ్చిపోయిందా? లేదండీ. చేరవలసిన చోటికి చేరలేదంతే.

తప్పెవరిది? ఆ పొర బ్యాటరీ ఊపిరిలోంచే పుట్టింది. ఆవిడ మౌనమూ ఆవిడ అభిమానంలోంచే పుట్టింది. కనుక ఆవిడ వాటా లేకపోలేదు. కానీ బ్యాటరీ తన చిలుము తాను తుడుచుకోలేదు. బానెట్ ఎత్తగలిగే చేతులున్న వాళ్లదే ఆ బాధ్యత అని నా అభిప్రాయం.

తుడవడానికీ ఒక పద్ధతుంది. చెంబును తోమినట్టు చింతపండు పెట్టకూడదు సుమండీ! పులుపు మీద పులుపెందుకు? వంట సోడా కలిపిన నీళ్లు కావాలి. అవి బ్యాటరీ లోపలికి పోకూడదు. ఇంజను ఆపి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ముందు మైనస్ తీగ విప్పాలి. బిగించేటప్పుడు అదే చివర. కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలీన్ రాయాలి. మాటలకూ అంతే. నిష్ఠూరం మీద నిష్ఠూరం పోస్తే పొర కరగదు.

అయితే తుడిచినంత మాత్రాన ప్రతిదీ బతకదు. కొలిచి చూస్తే, నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దాకా చూపాలి. ఛార్జి పెట్టినా నిలవకపోతే లోపలే అయిపోయిందన్నమాట. మన ఎండలకు అవి తొందరగానే అలిసిపోతాయి. కొన్ని బంధాలూ అంతే. ఎంత తోమినా లేవవు. అది ఒప్పుకోవడం పాపం కాదు. తుడిచి చూడకుండానే పారేయడం మాత్రం అన్యాయం.

ఈసారి "మంచిగనే ఉన్న" అని వినిపిస్తే ఫోను పెట్టేయకండి. ఇంకో ప్రశ్న అడగండి. కాస్త బరువైనది.