యాక్సెస్ పాయింట్‌కు స్వభావం ఉందా?

వస్తువు స్వభావం దానిలోనే ఉంటుందా, కారణాల కలయికతో వస్తుందా అన్నది బౌద్ధ దర్శనంలో మౌలిక ప్రశ్న. ప్రతిదీ మరికొన్నింటిని ఆశ్రయించి ఏర్పడుతుందని ఆచార్య నాగార్జునుడు 'మూలమధ్యమక కారికల'లో వాదించాడు. సంప్రదాయం ఆయన పేరును ఒకనాటి గుంటూరు జిల్లాలోని నాగార్జునకొండతో ముడిపెట్టింది.

వైఫై యాక్సెస్ పాయింట్ ఈ వాదానికి తగిన ఉదాహరణ. అలాంటి పరికరాలను నడిపేందుకు 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వ్యవస్థలో నెట్‌వర్క్ పేరు, చానల్, పాస్‌వర్డ్ మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. పరికరం ఆన్ కాగానే స్క్రిప్టులు ఆ ఫైలును చదివి, రేడియోను నడిపే ప్రోగ్రాముకు అందిస్తాయి. చానల్ 6ను 11గా మార్చి వైఫైని మళ్లీ మొదలుపెడితే అదే పెట్టె వేరే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో పెట్టినా, ఒంగోలు కాలేజీలో పెట్టినా దాని నడవడిని నిర్ణయించేవి ఆ ఫైలులోని పంక్తులు, వాటికి తోడు చిప్, యాంటెన్నా, కరెంటు.

రీసెట్ చేస్తే ఫ్యాక్టరీ అమరికలు తిరిగి వస్తాయి. అదే అసలు స్వభావమనిపిస్తుంది గాని, అవీ ఎవరో రాసిన పంక్తులే. అలాగని పరికరం లేదనడమూ తప్పే. సిగ్నల్ అందుతూనే ఉంటుంది. నాగార్జునుడు వస్తువుకు స్వతంత్ర అస్తిత్వం లేదన్నాడే గాని, వస్తువే లేదనలేదు. స్వభావం స్థిరమైతే ఏ మార్పూ కుదరదని ఆయన వాదన. యాక్సెస్ పాయింట్ విషయంలో ఆ వాదన నిలుస్తుంది.