జరగని దండయాత్రలో మన గడి

మా ఆపా కొడుకు హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. వాడి పని మ్యాపులు గీయడం. పోయిన రంజాన్‌లో ఒకరోజు ఇఫ్తార్ అయ్యాక, దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తకముందే ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "మామూ, నువ్వు బీఏలో హిస్టరీ చదివినవ్ గదా, ఇది సరిగ్గ ఉందా చూడు" అన్నాడు.

తెర మీద ఇంగ్లండ్ దక్షిణ తీరం. పైన లండన్, కింద సముద్రం. నేలంతా తేనెపట్టులాగా ఆరు పలకల గడులు. ఒక్కో గడికి ఒక్కో గుణం ఉంది. ఇసుక గడిలో ట్యాంకు నెమ్మదిస్తుంది. రోమ్నీ మార్ష్ అనే బురద నేలలో ఇంకా నెమ్మది. వంతెన ఉన్న గడి ఎవడి చేతిలో ఉంటే రోడ్డు వాడిది. 1940లో హిట్లర్ ఇంగ్లండు మీద చేయదలిచి చేయని దండయాత్ర, 'సీ లయన్', వాడికి అప్పజెప్పిన ఆట.

ఆ సంగతి పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. జూలై 16న హిట్లర్ ఆదేశం ఇచ్చాడు. నదుల్లో సరుకులు మోసే పడవల్ని రెండు వేలకు పైగా కాలువ అవతలి రేవుల్లో పోగేశారు. వాటిలో చాలావాటికి సొంత ఇంజనే లేదు. గాలిలో బ్రిటిష్ విమానాలు లొంగలేదు. సెప్టెంబర్ 17న దాడిని నిరవధికంగా వాయిదా వేశాడు. ఇవతల ఇంగ్లీషువాళ్ళు ఊళ్ళ పేర్ల బోర్డులు పీకేశారు, చర్చి గంటలు బంద్ చేశారు. శత్రువు దిగితేనే గంట కొట్టాలని హుకుం. ఆ తీరానికి ఇలాంటి ఎదురుచూపు కొత్తేమీ కాదు. నెపోలియన్ వస్తాడని కట్టిన గుండ్రటి బురుజులు దక్షిణ తీరంలో 74 ఉండేవి, రోమ్నీ మార్ష్ వెనక 45 కిలోమీటర్ల కాలువ కూడా తవ్వారు. నెపోలియనూ రాలేదు. (మన తీరానికీ ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేస్తే, రేపో మాపో దిగుతారని జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పోయారు. జపాన్ సైన్యమూ దిగలేదు.)

మావాడు ఇవన్నీ చదివాడు. అలల పోటుపాట్ల పట్టికలు కూడా చూశాడు. నాకు గర్వంగానే అనిపించింది. గొడవ మ్యాపు దగ్గర రాలేదు, దాని పక్కనున్న కార్డుల దగ్గర వచ్చింది. జర్మనీ తరఫున ఆడేవాడికి ఇచ్చే కార్డుల్లో ఒకదాని మీద 'పంచమాంగ దళం' అని ఉంది. ఆ కార్డు వాడితే లండన్ చుట్టుపక్కల ఒక వంతెన తనంత తానే కూలిపోతుంది. బొమ్మలో టోపీ కిందికి లాక్కున్న ఒక మనిషి, చేతిలో లాంతరు. కింద చిన్న అక్షరాల్లో 'కాందిశీకుల మధ్య దాగినవాడు' అని.

"ఇది ఎందుకు పెట్టినవ్ రా?" అన్నాను.

"బ్యాలెన్స్ కోసం మామూ."

వాడి లెక్క ఇది. 1974లో ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో ఈ దండయాత్రను ఆటగా ఆడి చూశారు. తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్ళలో యుద్ధంలో పాల్గొన్న జర్మన్ సేనానులూ ఉన్నారు, అడాల్ఫ్ గాలాండ్ లాంటివాళ్ళు. ఆ ఆటలో దాదాపు 90 వేల మంది జర్మన్లు ఒడ్డెక్కారు, బ్రిటిష్ నౌకాదళం వచ్చి వెనకనుంచి తిండీ తూటా రాకుండా తెంపేసింది, అంతే, ఓడిపోయారు. నిజానికి దగ్గరగా గీస్తే జర్మనీ ఓడుతుంది. ఓడుతుందని ముందే తెలిసిన ఆట ఎవడు కొంటాడు? కాబట్టి జర్మనీకి ఎక్కడో ఒకచోట చేయూత ఇవ్వాలి. మావాడు వెతికితే 1940నాటి భయాల్లో పంచమాంగ దళం దొరికింది.

యుద్ధాన్ని బల్లమీద ఆడటం పాపమని నేను అనను. ప్రష్యాలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు 1824లో ఎరుపు నీలం ముక్కలతో, 1:8000 కొలత మ్యాపులతో అధికారులకు ఇది నేర్పాడు. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1950లలో దాన్ని మామూలు జనం కొనుక్కునే డబ్బాలో పెట్టాడు. ఇట్లా కాకుండా అట్లా జరిగి ఉంటే అని అడగడం చరిత్ర చదివే ప్రతివాడూ చేసే పనే. నా పేచీ వేరు. జరగనిదాన్ని గీసేటప్పుడు కొంత అబద్ధం తప్పదు. ఆ అబద్ధాన్ని ఎవరి నెత్తిన పెడతాం?

"జరగని యుద్ధంల ఎవడు సచ్చిండు మామూ? అందరూ ఉత్త ముక్కలే గదా" అన్నాడు వాడు.

చచ్చారు. ఆ సంగతే వాడికి చెప్పాను. ఆ వేసవిలో 'వస్తున్నారు, వస్తున్నారు' అన్న భయంతో బ్రిటన్ ప్రభుత్వం దాదాపు 27 వేల మందిని 'శత్రుదేశస్థులు' అని పట్టుకుపోయింది. అందులో ఎక్కువమంది హిట్లర్ చేతిలోంచి తప్పించుకొచ్చిన యూదులు. ఎవడి నుంచి పారిపోయి వచ్చారో వాడి ఏజెంట్లన్నారు. దశాబ్దాలుగా ఐస్‌క్రీమ్ అమ్ముకుని బతుకుతున్న ఇటలీవాళ్ళ దుకాణాల మీద, జూన్ 10న ముస్సోలినీ యుద్ధం ప్రకటించగానే, అల్లరిమూకలు పడ్డాయి. పట్టుకున్నవాళ్ళలో కొందర్ని కెనడాకు పంపిస్తున్న 'అరండోరా స్టార్' ఓడను జూలై 2న ఐర్లండు దగ్గర ఒక జర్మన్ జలాంతర్గామి ముంచింది. 800 మందికి పైగా పోయారు, 400 మందికి పైగా ఇటలీవాళ్ళే. దండయాత్ర జరగలేదు, సరే. అనుమానం జరిగింది. ఆ తర్వాత ఆగస్టు నుంచి మెల్లమెల్లగా వదలడం మొదలుపెట్టారు. భయపడినంత పంచమాంగ దళం ఆ శిబిరాల్లో లేనే లేదు. ఎనభై ఏళ్ళు దాటాక మావాడి కార్డులో ఆ మనిషి మళ్ళీ లాంతరు పట్టుకుని నిలబడ్డాడు.

ఇదేదో వాడిమీద కోపం కాదు. నాకు ఆ లాంతరు మనిషి పాత పరిచయం. 1999లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. కార్గిల్ యుద్ధం. మా హాస్టల్ గదిలో పేపర్లోంచి కత్తిరించిన మ్యాపు గోడకు అంటించి, రోజూ వార్తలు విని గుండుసూదులు గుచ్చేవాళ్ళం. మనవి నీలం, వాళ్ళవి ఎరుపు. నేను కూడా గుచ్చాను. ఒకరోజు మంచి స్నేహితుడే, నవ్వుతూ, "సాయిబూ, నీ సూది ఏ రంగురా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ ప్రశ్న కాదు, నా నవ్వు. సెలవుల్లో అబ్బాకు చెబితే, "నువ్వు ఏ రంగు అన్నవ్?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదని తెలిసి ఆయన పేపరు చదువుకోవడంలో పడిపోయారు.

ఇది ముస్లిములకు మాత్రమే తెలిసిన సంగతని నేను అనుకోవడం లేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన దేశంలో తరాలుగా ఉన్న చైనీయుల్ని, దాదాపు 3,000 మందిని, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వాళ్ళలో పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. ఎవరి గడిలో ఎవరు అనుమానితులో మ్యాపును బట్టి మారుతుంది. మన వంతు లేనప్పుడు మనకూ ఆ కార్డు ఆటలాగే కనిపిస్తుంది. మావాడు ముస్లిమే. ఆ కార్డు గీసేటప్పుడు వాడికి తట్టలేదు.

వాడు ఇంకో మాట అన్నాడు, అది కొట్టిపారేయలేను. "కంపెనీల మామూలు జనాన్ని మ్యాపు మీద పెట్టొద్దంటరు మామూ. పెడితే ఆడేటోళ్ళు వాళ్ళను కూడ చంపుతరు. అందుకే ఊళ్ళు ఖాళీ." నిజమే, అదీ ఒక మర్యాదే. కానీ ఊళ్ళు ఖాళీ చేసి, అనుమానితుణ్ణి ఒక్కణ్ణే మిగిల్చాం కదా! ఆ దండయాత్ర జరిగి ఉంటే ఏమయ్యేదో కొంత ఊహించవచ్చు. జర్మన్లు పట్టుకోవలసిన 2,800కు పైగా పేర్లతో జాబితా తయారుచేసి పెట్టుకున్నారు. అందులో 1939లోనే చనిపోయిన ఫ్రాయిడ్ పేరు కూడా ఉంది! బ్రిటన్ కింద ఉన్న గ్వెర్న్సీ దీవిని వాళ్ళు నిజంగానే ఆక్రమించారు. అక్కడ యూదుల పేర్లు రాసి ఇచ్చింది స్థానిక అధికారులే. ఆ పేర్లలోని ముగ్గురు స్త్రీలు ఆష్విట్జ్‌లో చనిపోయారు. వంతెన కూల్చిన కాందిశీకుడు కాదు, పట్టిక నింపిన గుమాస్తా ఆ రోజుల్లో జర్మనీకి అసలు చేయూత. ఆ కార్డు ఏ ఆటలోనూ నేను చూడలేదు.

"మరి బ్యాలెన్స్ ఎట్ల?" అన్నాడు.

"సముద్రం మీద అబద్ధం చెప్పు. నాలుగు రోజులు గాలి లేకుండ ఆపెయ్. నౌకాదళాన్ని ఒకరోజు ఆలస్యంగ రానియ్. గాలి వచ్చి పోలీస్ స్టేషన్ల కాయితాలు చూపించదు."

వాడు నవ్వాడు. నేను ఊరుకోలేదు, మ్యాపులో మనవాళ్ళెక్కడ అని అడిగాను. 'మనవాళ్ళా?' అన్నట్టు చూశాడు. పడమటి వైపు డోర్సెట్‌లో ఆ వేసవి స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్'. నిజాం విరాళానికి కృతజ్ఞతగా పెట్టిన పేరు, వాళ్ళ బిళ్ళ మీద ఆయన దస్తార్ బొమ్మ. ఆ సొమ్ము తెలంగాణ రైతు శిస్తులోంచి వచ్చిందని బిళ్ళ మీద రాయలేదనుకోండి. అది అట్లుండనీ. ఫ్రాన్సు యుద్ధానికి మన దేశం నుంచి కంచరగాడిదల దళాలు వెళ్ళాయి. 1,000 మందికి పైగా, ఎక్కువమంది పంజాబీ ముస్లిములు. ఒక కంపెనీ జర్మన్లకు చిక్కింది, మిగతావాళ్ళు ఇంగ్లండు చేరారు. శత్రువు దిగుతాడేమోనని ఆ దేశం ఎదురుచూసినప్పుడు, వీళ్ళూ అక్కడే ఎదురుచూశారు. లండన్ దగ్గర వోకింగ్‌లో, భోపాల్ బేగం పేరు మీద 1889లో కట్టిన మసీదు ఉంది. యుద్ధకాలంలో ఈద్‌కు మన సిపాయిలు అక్కడ నమాజు చదివేవారు.

ఇదంతా విని వాడు "అచ్ఛా" అన్నాడు. తరావీకి టైమైందని లేచి పోయాడు.

వారం తర్వాత రాత్రి ఫోనుకు బొమ్మ పంపాడు. కార్డు తీసేయాలా వద్దా అనేది వాళ్ళ పైవాడు ఇంకా తేల్చలేదట, గాలి ఆగే కార్డు కూడా గీసి రెండూ ముందు పెట్టాడట. మ్యాపు పై అంచున ఎడమవైపు, సగం తెగిపోయిన ఒక గడిలో చిన్న తెల్లటి గుమ్మటం ఉంది. ఆటలో దానికి ఏ పనీ లేదు, ఏ ముక్కా అక్కడిదాకా పోదు. కింద రాశాడు: "ఉంచుతరో తీసేస్తరో తెల్వదు మామూ."